లెక్కల పీరియడ్‌లో కాపలా

మిడిల్ పాయింట్, పోర్ట్‌బ్లెయిర్,
10 సెప్టెంబరు 2022.

గవరమ్మక్కకు నీ తమ్ముడు మణికుమార్ నమస్కారాలు.

వానొక్కటే తగ్గలేదు గాని ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? భీమిలి గాలి పడిందా?

నీకొక వింత చెప్పాలి. నా పదో తరగతిలో జాహ్నవి అని ఒక పిల్ల ఉంది. పడవ మీద పనిచేసే నూకన్న కూతురు. పాఠం వింటూనే మధ్యమధ్య జామెట్రీ బాక్సు తెరిచి చూస్తుంది. లోపల ఫోను! నాకు కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. నలభై నిమిషాల్లో నాలుగుసార్లు. నోటుపుస్తకం తెప్పించి చూస్తే, సరిగ్గా నాలుగు చోట్ల అంకె జారింది. రెండు పనులూ చేయగలనని ఆ పిల్ల నమ్మకం, పుస్తకం మాత్రం ఒప్పుకోవడం లేదు.

చివరికి ఫోను లాక్కున్నాను. ఏ సినిమాయో అనుకుంటే, భూకంపాల పట్టీ! ఎక్కడ, ఎప్పుడు, ఎంత. ఇదేంటమ్మా అంటే, ఇప్పుడు నా వాచ్ కదా సార్ అంది. పడవలో వంతులేసుకుని కాపలా కాస్తారే, దాన్ని వాచ్ అంటారు. సునామీలో వాళ్ల నానమ్మ పోయినప్పటి నుంచి నూకన్న ఇంట్లోనూ ఆ వంతులు పెట్టాడట. నాన్న డ్యూటీకెల్లిపోతాడు, అమ్మ బజార్లో ఉంటాది, బడి టైముకి ఇంకెవులు చూస్తారు సార్, పదేసి మినట్లకి ఓపాలి, బస్, అంతే, అంది.

ఫోనుతో దొరికినవాళ్ల పేర్లు సోమవారంలోగా ప్రిన్సిపాల్‌కి రాసివ్వాలి. పేరు వెళ్తే పరీక్షకు కూర్చోనివ్వరు.

నిన్న ఆ ఫోను నా బల్ల మీద పెట్టుకుని, ఈ పీరియడ్ వాచ్ నాది, నువ్వు లెక్కలు చెయ్యి అన్నాను. కళ్లు ఊరుకుంటాయా? బోర్డు మీద రెండు తప్పులు వేశాను, ఒకచోట మైనస్ గుర్తే ఎగిరిపోయింది. జితేంద్ర లేచి, సర్‌జీ, మైనస్ కిధర్ గయా అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. జాహ్నవి పుస్తకంలో మాత్రం ఒక్క తప్పూ లేదు.

పేరు రాయలేదక్కా. సోమవారం నేనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, ఆ కాపలా పెద్దవాళ్లం ఆఫీసులో కూర్చుని కాద్దామని అడుగుతాను. చీవాట్లు పెడితే తింటాను.

నీ తమ్ముడు,
మణికుమార్

తా.క.: పేరు ఎందుకు రాయలేకపోయానో చెప్పకపోతే ఈ ఉత్తరమంతా అబద్ధమే. సునామీ రోజు ఫోన్లు పనిచేయలేదని నీతో అన్నాను. నాది పనిచేసింది. కెరటం బావని తీసుకుపోకముందు, ఆయన మిన్నీ బే ఒడ్డు నుంచి నాకు రెండుసార్లు చేశాడు. కొత్త ఫోను కదా, పాము ఆట ఆడుతున్నాను. ఆట పోతుందని రెండుసార్లూ కట్ చేశాను. ఆట అయ్యాక నేను చేస్తే మోగలేదు. బావ ఏమడగబోయాడో నాకింకా తెలియదక్కా.