విడుపు కనపడని గ్రహణం

జమ్మలమడుగు,
20 నవంబరు 2022

మాబున్నీకి సలాం.

ఇక్కడ నేనూ ఆస్మా క్షేమం అని రాసి, సగం కొట్టేశాను. ఆస్మా క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను.

నిమ్మకాయ ఊరగాయతో పాటు ఈ జాబు కూడా మీ దేశానికి తిరిగొస్తున్న జమీర్ చేతికిస్తున్నాను. ఫోన్లో చెప్పలేకపోయాను.

మేక ఈనింది, రెండు పిల్లలు. ఆస్మాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి, నా పోలిక రాలేదు. గ్రహణం మీకు మధ్యాహ్నమే పట్టిందని, నువ్వు పనిచేసే ఇంటి మేడం తన పిల్లల్ని బయటికి పంపలేదని రాశావు. మాకు సాయంత్రం ఐదు దాటినాక పట్టింది. ఒక పక్క రొట్టె కొరికినట్టుంది, అంతే. అట్లాగే సూర్యుడు గండికోట కొండల వెనక్కి దిగిపోయాడు. పట్టు చూశాం, విడుపు చూడలేదు. పక్కింటి సరోజమ్మ "విడుపు సూడకుండా మెతుకు ముట్టగూడదప్పా" అని తెల్లారిందాకా పస్తుండిపోయింది.

నేను బండల కోతమిషన్ కాడ్నుంచి వచ్చేసరికి, సైన్సు సారు వద్దన్నా వినకుండా, వీధి పిల్లలు ఎక్స్‌రేలో సూర్యుణ్ణి చూస్తున్నారు. మన ట్రంకుపెట్టె అడుగున నేను దాచిందే అది. ఆస్మానే తీసి వంతులు పెట్టింది. తన వంతు అయినాక మూలనున్న పేరు, తేదీ చదివింది.

"నాయనా, ఇది నీదా? అమ్మ పోకముందుదే. ఈ తెల్లమచ్చలేంది?"

వీధంతా నా రొమ్ములోంచి సూర్యుణ్ణి చూసింది మాబున్నీ. నీకు మాత్రం నేను చూపించలేదు.

నువ్వు విమానం ఎక్కడానికి పదిరోజుల ముందు తీయించుకున్నాను. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని, ఆ పని మానేయమని డాక్టరు అప్పుడే చెప్పాడు. నీకు చెబితే ఆగిపోతావు, పిల్ల చదువూ ఆగిపోతుంది. అందుకే బట్టల కింద దాచాను. దగ్గు తగ్గిందా అని నువ్వు అడిగినప్పుడల్లా జలుబే అన్నాను. అన్నీ అబద్ధాలే.

ఆస్మా ఊరుకోలేదు, ప్రొద్దుటూరుకు లాక్కుపోయింది. డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, "రెండేండ్లు యాడికి పోయినావప్పా?" అన్నాడు. ఇంక మందులతో మానేది కాదంట. బయట బెంచీ మీద కూతురి ముందే ఏడ్చాను.

అక్కడ ఉండి పనిచేసుకునే అకామా కాయితం ఇంకో రెండేళ్లకు కొట్టించుకోనా అని అడిగావు. పోయిన నెల ఫోన్లో కొట్టించుకో అన్నది నేనే. ఇప్పుడు వద్దంటున్నాను. అన్నాళ్లు నేనుండను.

రంజాను నెల రాకముందే వచ్చేయ్. నిన్ను చూడాలని శానా ఉంది. ఎర్రగుంట్ల స్టేషనుకు నేనే వస్తాను. నేను కనపడకపోతే ఆస్మా ఉంటుంది. దాన్ని ఏమీ అనొద్దు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

ఇట్లు,
నీ పెనిమిటి, ఆస్మా నాయన
వలి బాషా