బంగారు కార్డు గడువు

విమాన కంపెనీ వారికి,

నాలుగు రోజుల ముసురు ఈ పూట తెరిపిచ్చింది. చేలో కలుపు తీసి వచ్చి రాస్తున్నాను.

మహమ్మారికి విమానాలు ఆగినప్పుడు, మీ బంగారు కార్డున్న మా తమ్ముడు ఏడాదిపాటు మా ఇంట్లోనే ఉన్నాడు. మేత వేస్తూ, "వదినా, నీ గేదెకు ముందు వరుస సీటిచ్చాను" అనేవాడు. "అయితే పేడ కూడా నువ్వే ఎత్తు" అనేది మా ఆవిడ.

నెలాఖరులోగా విమానమెక్కకపోతే కార్డు రద్దవుతుందని మీరు రాశారు. "పోతే పోనీరా" అన్నాను.

"పదేళ్లు విమానాల్లో తిరిగితే వచ్చింది అన్నయ్యా. ఒక్కసారి ఎక్కి, రెండు రోజుల్లో వచ్చేస్తా" అన్నాడు.

విమానమెక్కకపోయినా, కనీసం వచ్చే ఏడాది దాకా కార్డు ఉంటుందని వాడికి రాయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఇంటి చిరునామాకే రాయండి.

వాడు ఈ ఉదయం మొదటి బస్సుకు వెళ్లాడు. బట్టలన్నీ తీసుకెళ్లాడు.