తోక కొస లేని తోలు

సతుర్నీనో మామయ్యకు,

మన మందలోని లామాల చెవులకు ఎర్ర ఊలు కుచ్చులు కట్టే పండుగకి తప్పకుండా వస్తాను. మంద పెరగాలని పండుగలో ఆడించే మన పాత కొండపిల్లి తోలు చివికిపోయిందనీ, నువ్వు కొత్తది కొట్టి తెచ్చావనీ, దానికి తోక కొస లేదనీ అత్తయ్య చెప్పింది. అంటే అది నేను కొండ మీద పెట్టిన కెమెరాల్లో రోజూ వెతుక్కునే కొండపిల్లే. దాన్ని కాపాడటమే నా ఉద్యోగం.

"తోలు ఆడించకపోతే మంద ఎట్లా పెరుగుద్దిరా, నీ కెమెరా చూసి పెరుగుద్దా?" అంటావు. నేను పోట్లాడను మామయ్యా. ఈసారి వంతు నాది కదా, దాన్ని భుజాన వేసుకుని నేనే ఆడతాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ తోలుకి పురుగు పట్టకుండా ఏటా ఎండబెట్టు. అది పాడైతే ఇంకో తోలు కోసం నువ్వు మళ్ళీ కొండెక్కుతావు. పైన దాని కూన ఒక్కటే ఉంది.

నీ మేనల్లుడు