ఫ్యాను లేని పెట్టె

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం, వేళకు కసురుకుంటున్నాం, కనుక క్షేమమే అనుకో. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో, తమ్ముడి బదిలీ సంగతి ఏమైందో రాయించు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మరదలికి నా ఆశీస్సులు.

ఈ వయసులో కంప్యూటరేమిటి, ఉన్నది ఉండగా ఇంకొకటేమిటి, కొనుక్కోకుండా కూర్చుకోవడమేమిటి అని పోయిన ఉత్తరంలో అడిగావు. అన్నీ చెబుతాను. మధ్యలో ఎక్కడైనా మాట తెగితే నేను లేచి వెళ్లానని అనుకో. ఈమధ్య ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే లేచి ఫ్రిజ్ ప్లగ్గు తీసి, మళ్లీ పెట్టి వచ్చాను.

చూపులేని పిల్లల కోసం నేను పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటానని నీకు తెలుసు. హైస్కూలుతో ఆగిపోయినదాన్ని, ఇప్పుడు డిగ్రీ పిల్లల చరిత్రా, అర్థశాస్త్రమూ చదువుతున్నాను. సగం నాకే అర్థం కాదు. అయినా పొద్దున ప్రార్థన ముగించి అదే కుర్చీలోంచి మైకు వైపు తిరిగితే, ప్రార్థన ఇంకా అయిపోలేదనే అనిపిస్తుంది. అలాంటిది, ఆ రికార్డులు పిల్లలకు పంచే గ్రంథాలయం మేడం నేను చదివిన రెండు పుస్తకాలు వెనక్కి పంపేశారు.

"మీ గొంతుకు వంక పెట్టడానికి లేదండీ. వెనకాల ఆ బుయ్యిమనే మోతే. పిల్లలు చెవుల్లో పెట్టుకుని గంటలకొద్దీ వింటారు కదా, తలనొప్పి అంటున్నారు. పరీక్షల పుస్తకాలకీ ఇలాగే ఉంటే స్టూడియోలో చదివేవాళ్లకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. అన్నం మాత్రం సయించలేదు.

ఆ మోత మా పాత కంప్యూటరుది. లోపల ఫ్యాన్లు తిరుగుతుంటాయి. దుప్పటి కప్పి చూశాను. వేడెక్కి ఇంకా గట్టిగా అరిచింది. మీ అల్లుడు, "అది నీలాంటిది కాదు, నోరు నొక్కితే ఊరుకోదు" అని పేపరు తిరగేశారు.

ఇంకో ఇబ్బంది ఉంది. మా వీధిలో కరెంటు పోతే తప్ప నిశ్శబ్దం రాదు. కరెంటు పోగానే అందరి మిక్సీలూ, మోటార్లూ, టీవీలూ ఒక్కసారి ఆగిపోతాయి. వీధంతా విసుక్కుంటుంటే నేను మాత్రం చేతులు తుడుచుకుని మైకు దగ్గరికి పరిగెత్తుతాను. కానీ పాత పెట్టె ఇంట్లో ఉన్న బ్యాటరీ మీద ఒక పాఠం పూర్తయ్యేదాకా కూడా నిలవదు. కాబట్టి నాకు కావలసింది చప్పుడు చేయనిది, కరెంటు ఎక్కువ తాగనిది. దుకాణాల్లో అలాంటిది నా పనికి తగ్గట్టు దొరకలేదు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతను ఉన్నాడు. అందరూ మేస్త్రీ అంటారు. అతన్ని అడిగితే, "కట్టేద్దాం అక్కా. ఇల్లు కట్టినట్టే, ఇది కొంచెం చిన్న ఇల్లు" అన్నాడు. అరచేయి కన్నా కాస్త పెద్ద బోర్డు తెచ్చాడు. తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసరు పెట్టాడు. తిరిగే డిస్కు బదులు కదలని డిస్కు. ఫ్యాను బదులు అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి. వేడి ఆ రెక్కల్లోకి ఎక్కి, పెట్టె పైన వేసిన చిల్లుల్లోంచి దానంతటదే పోతుందట. ప్రాసెసరుకూ దిమ్మకూ మధ్య తెల్లటి పేస్టు పూయాలి. ఆ పని నన్ను చేయమన్నాడు.

నేను పూసింది చూసి, "ఏంటక్కా, పళ్లు తోముతుందా ఇది?" అన్నాడు.

"తక్కువైతే కాలిపోతుందేమోనని, తమ్ముడూ."

"పెసరగింజంత చాలు. తుడిచెయ్, మళ్లీ పెట్టు."

తుడిచి మళ్లీ పెట్టాను. స్క్రూలు కూడా నేనే బిగించాను. మూత వేసి బటన్ నొక్కితే ఏమీ వినపడలేదు, తెర మాత్రం వెలిగింది. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, నిద్రపోతున్న పిల్లి వీపులా. పూర్తిగా నడుస్తున్నప్పుడు కూడా ఒక పాతకాలపు గుండు బల్బు వాడేంత కరెంటు వాడదు. కొత్త పెట్టెతో చదివిన మొదటి పుస్తకం విని మేడం ఫోన్ చేశారు. ఎక్కడా మోత లేదట, పరీక్షల పుస్తకాలు నాకే ఇస్తారట. వాటిని తెచ్చుకోవడానికి రమ్మన్నారు.

అమ్మా, ఇక్కడినుంచి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మరదలిని ఇక్కడితో ఆపమని చెప్పి, కళ్లద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో. తన మీద అపనమ్మకం కాదు. తమ్ముడికి తెలిస్తే పరిగెత్తుకొస్తాడు, అందుకు.

మేడం ఆ రికార్డు వినేలోపే నేను మేస్త్రీ ప్రాణం తీశాను. ఏమీ వినపడలేదని పైన రాసింది మరదలి కోసమే, పెట్టె బిగించిన రోజునుంచీ నాకు మోత వినపడుతూనే ఉంది. సన్నగా, ఎడమ వైపునుంచి. అతనితో చెబితే, "కొన్ని అడాప్టర్లు ఈలేస్తాయిలే అక్కా" అని మార్చాడు. మోత పోలేదు. డిస్కు మార్చమన్నాను. "అందులో కదిలేదే లేదు కదక్కా, అదేం చప్పుడు చేస్తుంది?" అంటూనే మార్చాడు. బోర్డు కూడా మార్చమన్నాను. నేను గొంతు పెంచి అడిగేదాన్ని కాదు కనుక నా మీద కోప్పడటం కూడా అతనికి చేతకాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి పెట్టెకు చెవి ఆనించి కూర్చున్నాడు. అంతలో కరెంటు పోయింది. వీధంతా ఆగిపోయింది. అతను లేచి పెట్టెను బ్యాటరీ నుంచి కూడా విడదీశాడు. తీగ చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇప్పుడక్కా?"

"వస్తోంది."

"దీనికి ప్రాణమే లేదక్కా ఇప్పుడు."

"వస్తోంది తమ్ముడూ."

అతను తీగ చుట్టి బల్ల మీద పెట్టి, "ఇది నా పని కాదక్కా. చెవుల డాక్టరుకి చూపించుకో" అని మెల్లగా అన్నాడు. మార్చిన సామాన్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

డాక్టరు దగ్గరికి మీ అల్లుడే తీసుకెళ్లారు. ఎడమ చెవి కొంచెం కొంచెంగా తగ్గుతోందట. ఆ మోత బయటిది కాదు, నాదే. పోయేది కాదట, అలవాటు చేసుకోవాలట. దారిలో ఆయన ఒక్క పరాచికం కూడా ఆడలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

అప్పటినుంచీ నేను ఇలా తిరుగుతున్నాను. వంటగదిలోంచి వసారాలోకి, వసారాలోంచి మళ్లీ లోపలికి. ప్రార్థనలో కూర్చుంటే దేవుడికీ నాకూ మధ్య ఎవరో ఈల వేస్తున్నట్టుంది. మేడం పుస్తకాలు తీసుకెళ్లమని మళ్లీ కబురు పెట్టారు. నేను వెళ్లలేదు. నా గొంతు నేనే సరిగా వినలేని రోజు వస్తే, తప్పు చదివినా నాకు తెలియదు. ఆ తప్పు ఒక పిల్ల పరీక్షలో రాస్తుంది. చెప్పకుండా పుస్తకాలు తెచ్చుకోవడానికి మనసు ఒప్పడం లేదు. చెబితే ఇస్తారో లేదో. ఇవ్వకపోతే పొద్దున లేచి నేనేం చేయాలో నాకు తెలియదు.

ఇంకో మాట. పడుకునేటప్పుడు పక్కన ఏదైనా సన్నటి శబ్దం ఉంచుకుంటే లోపలి మోత తెలియదని డాక్టరు చెప్పాడు. ఆ మాట వింటూ కుర్చీలో అలాగే ఉండిపోయాను. నువ్వు దిండు పక్కన రేడియో పెట్టుకుని పడుకునేదానివి. కార్యక్రమాలు అయిపోయాక కూడా అది గుయ్యిమంటూ ఉండేది. నేను మెల్లగా కట్టేస్తే వెంటనే కళ్లు తెరిచి, "ఉండనీవే, నీకేం అడ్డం?" అనేదానివి. నాన్న నీకు రేడియో పిచ్చి అని అందరికీ చెప్పి నవ్వించేవారు. నువ్వూ నవ్వేదానివి.

అమ్మా, నీకూ ఉందా?

ఉంటే, అది చెవిలో మోగుతుండగానే నువ్వు మా ఇద్దరి పాఠాలూ ఒప్పజెప్పించుకున్నావు, పక్క గదిలో తమ్ముడు దగ్గినా లేచావు. అంటే చేయవచ్చన్నమాట. మేడం దగ్గరికి వెళ్లి, నా చెవి సంగతి ఇదీ అని చెప్పి, నేను చదివింది ఇంకొకరికి కూడా ఒకసారి వినిపించండి, పుస్తకాలు మాత్రం నాకే ఇవ్వండి అని అడుగుతాను. అంత మాట అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నువ్వు అవునని రాస్తే చాలుతుంది. కోడలి చేత రాయించకు. అక్షరాలు వంకరపోయినా సరే, నీ చేత్తోనే రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే తిరుగుతున్న
నీ పెద్దమ్మాయి