యాదమ్మ ముక్కుపుడక

1989 నవంబరు, ఆదివారం రాత్రి

ఈ రోజు బాప్తిస్మానికి సిద్ధపడి వచ్చిన యాదమ్మను నేనే ఆపేశాను. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు ఊడ్చే మనిషి, మూడేళ్లుగా నేను పాస్టరుగా ఉన్న సంఘానికి వస్తోంది. మా సంఘంలో నగలు పెట్టుకోకూడదు, ముక్కుపుడక తీస్తేనే నీళ్లలోకి దింపుతానన్నాను.

“మా అమ్మ పెట్టింది అయ్యగారూ. గిది ఉంటే యేసయ్య నన్ను రానియ్యడా?” అంది.

విధేయత లేని విశ్వాసం రక్షించదని అందరి ముందూ గట్టిగానే చెప్పాను. తల వంచుకుని బోరబండలో ఇంటికి వెళ్లే బస్సెక్కింది.

మధ్యాహ్నం నా భార్య సుగుణ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. “ఆమె నమ్మిందండీ. రక్షణకి అది చాలదా?” అంది.

నమ్మినవాళ్లు లోబడాలి కదా అన్నాను.

“ఎవరికి?” అంది.

కోపం వచ్చి కంచం ముందు నుంచి లేచిపోయాను.

సాయంత్రం యాదమ్మ మళ్లీ వచ్చింది. ముక్కు వాచి ఎర్రగా ఉంది. చిన్నప్పటి పుడక ఊడి రాకపోతే కంసాలి చేత దాన్ని కత్తిరించి తీయించుకుందట. సుగుణ మీద గెలిచానని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా.

“చూశావా, ప్రభువే నీ మనసు మార్చాడు,” అన్నాను.

“యేసయ్య ఏమనలే అయ్యగారూ. మీరే కోపం చేసిండ్రు గద.”

వచ్చే ఆదివారం బాప్తిస్మం ఇస్తానని చెప్పి పంపించాను. ఆ పుడక అతికించుకుని మళ్లీ పెట్టుకొమ్మని చెప్పాల్సింది. నోరు రాలేదు.

ఇందాకటి నుంచి ప్రార్థనకి రెండుసార్లు మోకరించి లేచాను. ముందు నేను క్షమించమని అడగాల్సిన మనిషి బోరబండలో ఉంది. రేపు వెళ్తానో లేదో...