లోసేలి అతికించిన కేబుల్

నుకుఅలోఫా,
ఆగస్టు 14, బుధవారం.

చిరంజీవి లోసేలికి,

నీ మేనత్త సెలువైయా దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. నువ్వెలా ఉన్నావని అడగను. మొన్న సోమవారం నా కళ్లతోనే చూశాను. ఆ సంగతి నీకు తెలియదు.

నువ్వు ఓడ ఉద్యోగానికి వెళ్లిన నాటి నుంచి ఆరేళ్లుగా మాటల్లేని మనిషి ఇవాళ కాగితం ఎందుకు పట్టిందా అనుకుంటున్నావేమో. ఫోన్లు మళ్లీ పలుకుతున్నాయి, నిజమే. ఫోన్లో అయితే ముఖాలు కనిపిస్తాయి. నాకు కాగితమే నయం. లాంచీ నడిపే పెనిసిమాని చేతికిచ్చి, కేబుల్ బాగుచేసే మీ ఓడకు పంపుతున్నాను.

ఏదో ఓడ లంగరు ఈడ్చుకుంటూ పోయి, సముద్రం అడుగున మన దీవికి ఫోన్లు తెచ్చే కేబుల్ తెంపేసిన మొదటి రోజున బజారంతా నవ్వుకుంది. "పోన్లే, పిల్లలు చచ్చినట్టు పుస్తకాలు తీస్తారు" అంది నా పక్కన చేమదుంపలమ్మే ఫుసి. మూడో రోజుకు ఎవరికీ నవ్వు రాలేదు. నాకైతే ఒకటే దిగులు. గుండె ఆపరేషన్‌కని మీ నాన్న ఆక్లాండ్ వెళ్లిన రెండో రోజే ఆ కేబుల్ తెగింది. శాటిలైట్ ఫోన్ కోసం ఎండలో నాలుగు గంటలు వరసలో నిలబడితే ఒక్కో ఇంటికి ఇచ్చింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. అదే తంతు.

పద్దెనిమిదో రోజున మీ ఓడవాళ్లు ఒడ్డున గుడారం వేశారు. వాళ్లకు భోజనం పెట్టే వంతు మా చర్చి ఆడవాళ్లది. చేమాకుల్లో మాంసం చుట్టి ఉడికించిన లూ పొట్లాల బుట్ట నేను మోసుకొచ్చాను. గుమ్మం దగ్గరున్న మనిషి, "చెప్పులు అక్కడే విడువమ్మా. మాట్లాడకు. లోపల ఇసుక రేణువు పడ్డా ఆ పిల్ల మమ్మల్ని బతకనివ్వదు" అన్నాడు. ఏ పిల్లో అనుకుంటూ తొంగిచూశాను. నువ్వు!

నాకు వీపు పెట్టి కూర్చున్నావు. నేను వెనక గుడారం గుడ్డకు ఆనుకుని నిలబడిపోయాను. బుట్ట దించడం కూడా మరిచాను.

అంత పెద్ద సముద్రం దాటి మాటలు మోసే వస్తువు లోపల వెంట్రుకంత గాజు దారాలే ఉంటాయని నాకేం తెలుసు? ఒక్కో దారాన్నీ నువ్వు తుడిచి, కొస కత్తిరించి, రెండు కొసల్నీ ఆ చిన్న పెట్టెలో ఎదురెదురుగా పెడుతుంటే చూస్తూ ఉన్నాను. చిటుక్కున వెలుగు వచ్చి ఆ కొసలు కరిగి అతుక్కునేవి. అతుకు ఎంత బాగా పడిందో చెప్పే అంకె చూసుకుని నువ్వు తల ఊపేదానివి. చెమట కళ్లలోకి కారుతున్నా చెయ్యి ఆగలేదు.

నాలుగో దారం దగ్గర ఆ ఎర్రజుట్టు పెద్దాయన, మీ పైవాడు కాబోలు, "సరిపోతుంది, కానివ్వు. పొద్దుపోతోంది" అన్నాడు. నువ్వు తల తిప్పకుండానే, "సరిపోదు. ఇది పాతికేళ్లు ఉప్పునీళ్లలో పడి ఉండాలి" అని అతికినదాన్ని కత్తిరించేసి మళ్లీ మొదలుపెట్టావు. నలభై ఏళ్లుగా చెట్టు బెరడును సాగగొట్టి బట్ట చేసి అతుకులు వేస్తున్నదాన్ని, అతుకంటే ఏమిటో నాకు తెలుసు. అంత మంచి పనితనం మన వంశంలో నేను చూడలేదు. నాది కూడా కలుపుకునే చెబుతున్నాను.

మీ నాన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది, ఓడలో ఫోన్ ఉంటుంది కదా. నాలుగు అడుగులు వేసి, "అమ్మాయీ, తమ్ముడు బతికున్నాడా?" అని అడిగితే చెప్పేదానివి. అడగలేకపోయాను. పొట్లాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

నిన్న పొద్దున పదింటికి బజారులో ఒక్కసారిగా ఫోన్లన్నీ మోగాయి. ఫుసి బేరం మధ్యలో వదిలేసి ఏడ్చింది. నా ఫోన్లో మీ నాన్న. చిక్కిపోయాడు, గొంతు మాత్రం మునుపటిదే. "అక్కయ్యా, లేచి కూర్చుంటున్నాను. లోసేలితో రెండు రోజులకోసారి మాట్లాడుతూనే ఉన్నాను, నీకు చెప్పలేదా?" అన్నాడు. లేదన్నాను. "నీకు చెప్పే ధైర్యం దానికెక్కడిది?" అని నవ్వాడు. ఆ నవ్వు వినగలిగింది నీ చేతుల వల్ల. ఆ మాట నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ఇవాళ పొద్దున రేడియోలో నీ గొంతు విన్నాం. "ఈ కేబుల్ కంపెనీకి మొదటిసారి దరఖాస్తు పెడితే జవాబే రాలేదు. పనికిరాననుకుని రెండేళ్లు హోటల్లో గిన్నెలు కడిగాను" అన్నావు. "ఇంత పనిమంతురాలికి జవాబివ్వలేదా, వాళ్ల కళ్లు పోయాయా!" అని బజారంతా ఆ కంపెనీని తిట్టిపోసింది. నేను తల వంచుకుని బెరడు కొడుతూ కూర్చున్నాను.

వేళకు తిను. ఎండలో టోపీ పెట్టుకో.

నిన్ను చూసి గర్వపడుతున్న
మేనత్త
సెలువైయా.

తా.క.: జవాబు వచ్చింది, లోసేలీ. మన ఉత్తరాలొచ్చే పోస్టాఫీసు పెట్టె తాళం నా దగ్గరే ఉండేది కదా. నాకు ఇంగ్లీషు రాదని మీరంతా అనుకునేవారు. రమ్మన్నారని అర్థమయ్యేంత వచ్చు. మూడుసార్లు చదివి పొయ్యిలో వేశాను. ఆడపిల్లకు ఓడలెందుకని అందరితో అన్నాను గానీ అసలు సంగతి అది కాదు. మన ఇంట్లో నీ అంత చెయ్యి ఇంకెవరికీ లేదు. నా తర్వాత నా బెరడు బట్ట పనికి ఆ చేతులు కావాలనుకున్నాను. ఆ రెండేళ్లూ నువ్వు గిన్నెలు కడిగింది నావల్ల. శనివారం మీ ఓడ కదిలేలోగా వస్తావో రావో నీ ఇష్టం. మళ్లీ రేడియోవాళ్లు అడిగితే మాత్రం ఆ కంపెనీని ఏమీ అనకు. నా పేరు చెప్పు.