పలక సబ్బు ఏడు

ఫిబ్రవరి 3, మంగళవారం

నా రాత కోడి గీకినట్టుంటుంది. తప్పులుంటే క్షమించాలి, చదివింది ఐదో తరగతే. ఎవరికి క్షమాపణ చెప్తున్నానో కూడా తెలియదు. మనసులో మాట పైకి అనలేని దాన్ని, అందుకే ఈ పుస్తకం.

మావారు లాప్‌టాప్‌లు బాగుచేస్తారు. ఇంటి ముందు గదే కొట్టు. మదర్‌బోర్డు పోతే వేరేది వేస్తారు. దానికి తన నంబర్ ఉండదు, లేదంటే ఇంకోదాని నంబర్ ఉంటుంది. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న నంబరే లోపల కూడా ఎక్కించాలి. స్టిక్కర్ చదవడం నా పని, టైప్ చెయ్యడం ఆయన పని. ఒకసారి నేను బి అంటే ఆయన డి కొట్టారు. కంపెనీ వాళ్లు అది మా మెషినే కాదు పొమ్మన్నారు. అప్పటినుంచి బి అంటే బంతి, డి అంటే డబ్బా, అలా ప్రతి అక్షరానికీ ఒక మాట. నేనన్నది ఆయన తిరిగి అంటారు, తర్వాతే కొడతారు. ఈ ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడేది అప్పుడే.

ఫిబ్రవరి 5

ఒక టీచరమ్మ వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో బడి లాప్‌టాప్ పోయిందట. నువ్వే అమ్ముకున్నావని హెడ్‌మాస్టర్ అంటున్నాడట. దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుందట. రిపేరు కొట్లన్నీ తిరిగి నంబర్ రాసిన చీటీలు ఇస్తోంది. ఎవరైనా తెస్తే ఒక్క ఫోన్ చెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది అంది. నన్ను అమ్మా అంటుంటే సిగ్గేసింది, నాకన్నా పదేళ్లు పెద్దది.

చీటీ గోడ మేకుకి గుచ్చాను. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చదివి నోటికొచ్చేసింది. పలక, సబ్బు, ఏడు, జల్లెడ, మూడు, మూడు, కత్తెర, బంతి.

ఫిబ్రవరి 6

మేకుంది. చీటీ లేదు.

ఫిబ్రవరి 8, ఉదయం పది

బావగారు వచ్చారు. మావారి అన్నయ్య. ఈ కొట్టు పెట్టించింది ఆయనే, ఆయన గీసిన గీత మావారు దాటరు. సంచీలోంచి పేపర్లో చుట్టిన బోర్డు తీశారు. ఒట్టి బోర్డే. పాత సామాన్లలో దొరికిందిరా, ఆ ఫోటో స్టూడియో ఆయన లాప్‌టాప్‌కి సరిపోతుంది చూడు, అన్నారు.

టీ తీసుకెళ్లేసరికి మావారు దాన్ని బిగించి ఆన్ చేశారు. స్క్రీన్ మీద నంబర్. పలక. సబ్బు. ఏడు. అంతవరకే పెదాలు కదిపి చదివాను, మావారు స్క్రీన్ అటు తిప్పేశారు.

ఏం అమ్మాయ్, ఇంగ్లీషు గడగడా చదివేస్తున్నావే, రేపట్నుంచి నువ్వే కూర్చుంటావా కుర్చీలో అని బావగారు నవ్వారు. మావారు నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

చీటీ ఏదండీ అని అడిగాను. గాలికి ఎగిరిపోయిందేమో అన్నారు. ఆ గది కిటికీ రంగులు వేసినప్పుడు అతుక్కుపోయింది. మేం కాపురానికి వచ్చాక ఒక్కసారీ తెరుచుకోలేదు.

ఫిబ్రవరి 9

మావారి కళ్లజోడు తుడిచిపెడదామని దాని పెట్టె తెరిస్తే అడుగున చీటీ, నాలుగు మడతలు పెట్టి. దాచారు. ఎందుకు దాచారు? బావగారు ముందే చెప్పి ఉంటారా? ఇద్దరూ కలిసే చేస్తున్నారా? ఇన్నాళ్లూ నేను చదివిన నంబర్లలో ఇలాంటివి ఎన్ని? నాకు తెలియకుండా నా నోటితోనే చెప్పించారా?

మడత చెదరకుండా అక్కడే పెట్టేశాను. అన్నం పెడుతుంటే ఏంటి అలా ఉన్నావు అన్నారు. తలనొప్పి అన్నాను. మనిషి మంచివాడే అనిపిస్తుంది. మళ్లీ ఆ కిటికీ గుర్తొస్తుంది.

ఫిబ్రవరి 10

బావగారు కుర్చీలో కూర్చుని దగ్గరుండి చేయించారు. ముందు పాత నంబర్ తుడిపించారు. నా కళ్ల ముందే గడి ఖాళీ అయిపోయింది. ఇక టీచరమ్మ నెత్తీనోరూ కొట్టుకున్నా నమ్మేవాళ్లుండరు. కానివ్వరా, ఎంతసేపు, స్టూడియో ఆయన సాయంత్రం వస్తాడు అని బావగారు తొందరపెట్టారు.

మావారు నన్ను దగ్గరికి పిలిచి స్టిక్కర్ చదవమన్నారు. ఫోటో స్టూడియో ఆయన లాప్‌టాప్ నంబర్ డబ్బాతో మొదలవుతుంది. కనబడుతూనే ఉంది. నా నోట్లోంచి పలక అని వచ్చింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

పలక, అన్నారు ఆయన. కొట్టారు.

సబ్బు అన్నాను. సబ్బు అన్నారు.

బావగారు ఫోన్ చూసుకుంటూ, బాగుందర్రా మీ ఒకటో తరగతి, బెల్లు ఎప్పుడు కొడతారు అన్నారు. కత్తెర దగ్గరికి వచ్చాం. నేను అనకముందే మావారు కత్తెర అన్నారు. మెల్లిగా. ఆ తర్వాత బంతి కూడా ఆయనే అన్నారు.

ఆయనకీ నోటికొచ్చు.

ఎంటర్ కొట్టి, అయిపోయింది అన్నయ్యా, రేపటిదాకా నడిపించి చూస్తాను, స్టూడియో ఆయన్ని రేపు రమ్మను, అన్నారు.

ఫిబ్రవరి 11

పొద్దున్నే మావారు బోర్డు విప్పి సంచీలో పెట్టుకుని, కళ్లజోడు పెట్టెలోంచి చీటీ తీసి నంబర్ మరోసారి చూసి నా చేతికిచ్చారు. ఆ సంచీతో టీచరమ్మ పనిచేసే బడికి బయల్దేరారు. మీ అన్నయ్య వస్తే ఏం చెప్పాలండీ అని అడిగాను. ఉన్నది చెప్పు, గట్టిగా చెప్పు, స్టిక్కర్ చదివినట్టు, అన్నారు.

వీధి గేటు చప్పుడైంది. ఆ దగ్గు బావగారిదే.

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో పెట్టండి. పేజీల మధ్యలో పెట్టిన చీటీ మాత్రం తీసి దాచిపెట్టండి.